బడిపద్దుపై కత్తెర

చాలకాలము క్రిందట నేనొక ఉన్నత పాఠశాలలో పనిచేయుచుండగా, చిల్లర ఖర్చుల నిధిని సగమునకు తగ్గించితిమని పైనుండి తాఖీదు వచ్చెను. ప్రధానోపాధ్యాయులు మమ్మందఱిని తమ గదికి పిలిపించి, "దేనిని మానుదము?" అని యడిగిరి. బంతులు లేనిదే ఆటలెట్లని డ్రిల్లు మాస్టరుగారనిరి. స్పిరిటు లేనిదే దీపము వెలుగదని సైన్సు మాస్టరుగారనిరి. కాగితములు లేనిదే రిజిష్టర్లు నడువవని గుమాస్తాగారనిరి. తుదకు పఠనమందిరమునకు వచ్చుచున్న రెండు పత్రికలను మాన్పించితిమి. ఏలయన, ఆ పత్రికల పక్షమున మాటాడుటకు ఆ గదిలో నెవ్వరును లేరు. వానిని చదువు పిల్లలు ఆవేళ మైదానములో ఆడుకొనుచుండిరి.

అమెరికా దేశపు పాఠశాలల కథ చదివినప్పుడెల్ల నాకీ సంగతి జ్ఞప్తికి వచ్చుచుండును.

మన పాఠకులకు ముందొక మాట చెప్పవలసియున్నది. అమెరికాలో "స్కూలు డిస్ట్రిక్టు" అనగా మన జిల్లావంటిది కాదు. బడులను నడుపుటకే యేర్పడిన చిన్న ప్రభుత్వమది. అట్టివి ఆ దేశమున సుమారు 13,000 కలవు. పెక్కింటికి ప్రజలెన్నుకొన్న మండలి యుండును. ఇండ్లమీదను భూములమీదను వేయు పన్నునుండి దానికి రాబడి. తక్కినది చాలవఱకు రాష్ట్రప్రభుత్వ మిచ్చును. కేంద్రప్రభుత్వపు వంతు మామూలు సంవత్సరములలో పదవవంతునకు అటునిటుగా నుండును. కనుక ఊరిలో ఇండ్ల ధరలు పడిపోయినను, రాష్ట్ర ఖజానా ఎండిపోయినను ఆ దెబ్బ తరగతిగదికి తిన్నగా తగులును. బడి నడుపుటకగు వ్యయములో నూటికి రమారమి ఎనుబది వంతులు జీతభత్యములే. సుద్దముక్కలను, దీపములను ఎంత పొదుపు చేసినను పెద్దలోటు పూడదు. మనుష్యులను తీసివేయవలసినదే. ఎవరిని అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు చికాగో నగరము 1933 వ సంవత్సరమున చెప్పిన సమాధానము నేటికిని చదువదగినది.

అచ్చటి లోటు ఒక్కనాట వచ్చినది కాదు. పెద్ద పెద్ద సంస్థల ఆస్తులకు తక్కువ విలువ కట్టి పన్ను తగ్గించుచున్నారని మార్గరెట్ హేలీ అను నామె నాయకత్వమున ఉపాధ్యాయినుల సంఘము చిరకాలముగా పోరాడుచుండెను. 1928 లో నగరములోని ఆస్తులనన్నిటిని తిరిగి మదింపు చేయవలెనని రాష్ట్ర పన్నుల సంఘము ఉత్తరువు చేసెను. ఉత్తరువు న్యాయమైనదే. కాని మదింపు ముగియువఱకు పన్నుబిల్లులు కదలలేదు. అంతలో 1929 నాటి ఆర్థికమాంద్యము వచ్చిపడెను. ఆ వెనుక ఆస్తిపరులు కొందఱు సంఘముగా నేర్పడి అసలు పన్నే చెల్లింపమని భీష్మించిరి. న్యాయమడిగిన ఉపాధ్యాయులకే ముందుగా జీతములు నిలిచిపోయినవి.

అప్పుడు చికాగోలో ఉపాధ్యాయులు సుమారు 14,000 మంది. రొక్కమునకు మారుగా, పన్ను వసూలైన పిమ్మట చెల్లింతుమని వ్రాసిన పత్రములను వారి చేత బెట్టిరి. అంగడివాడు అట్టి పత్రమును వ్రాసిన విలువకు తీసికొనడు. కోత కోసుకొని తీసికొనును. భీమా పాలసీలు కుదువబెట్టినవారును, ఇండ్లు పోగొట్టుకొన్నవారును వారిలో నుండిరి. ఐనను ప్రొద్దుట గంట కొట్టుసరికి తరగతిలో నుండిరి.

1933 ఏప్రిలులో కొన్ని వేలమంది ఉపాధ్యాయులు నగరమధ్యమున నున్న బ్యాంకులలోనికి చొచ్చుకొని పోయిరి. అల్లరి చేయకుడని జీవితమంతయు పిల్లలకు చెప్పినవారు తామే సిరాబుడ్లు దొర్లించి కేకలు వేసిరి. ఒక బ్యాంకులో వారి కెదురుపడినవాడు ఛార్లెస్ డాస్. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు, నోబెల్ శాంతి బహుమాన గ్రహీత. అల్లరిమూకలు నరకమునకు పోవచ్చునని ఆయన వారిపై కసరెను. ఆయన పెద్దగా నుండిన బ్యాంకు కూలిపోకుండ 1932 లో కేంద్రప్రభుత్వపు సంస్థయొకటి 9 కోట్ల డాలర్ల ఋణము మంజూరు చేసియుండెను. బ్యాంకునకు దొరకిన అప్పు బడికి దొరకుటకు మఱి రెండేండ్లు పట్టినది.

పిదప జూలై 12 వ తేది వచ్చెను. ఆనాడు విద్యామండలి తన కత్తెర బయటికి తీసెను. సూపరింటెండెంటు విలియం బోగన్‌ను సంప్రదింపనైన లేదు. జూనియర్ హైస్కూళ్లన్నియు రద్దు. పేదపిల్లలు రుసుము లేకుండ పైచదువు చదువుకొను క్రేన్ జూనియర్ కళాశాల మూత. కిండర్‌గార్టెన్ తరగతులు సగమునకు తగ్గింపు. ప్రాథమిక పాఠశాలలలో చేతిపనులు, గృహవిజ్ఞానము తీసివేత. బ్యాండు బృందములు రద్దు. రెండు ప్రాథమిక పాఠశాలలకు ఒక్క ప్రధానోపాధ్యాయుడు. సుమారు 1,400 మంది ఉపాధ్యాయుల కొలువులు పోయినవి. చదువు, వ్రాత, లెక్క అన్నియు నిలిపితిమి, హంగులు మాత్రమే తీసివేసితిమి అని మండలివారు సమర్థించుకొనిరి.

ఐతే పాఠశాలలలో ఊడ్చువారి కొలువులను, బాయిలరు కాచువారి కొలువులను ఆ కత్తెర అంతగా తాకలేదు. అవి రాజకీయ పక్షమువారు తమవారికి పంచిపెట్టుకొను ఉద్యోగములు గనుక తాకలేదని విమర్శకులు ఆనాడే బాహాటముగా ననిరి. ఊడ్చువారి జీతముపై నాకు అసూయ లేదు; ఊడ్వని బడిలో పాఠము చెప్పినవాడను. కాని నాలుగైదేండ్ల పసివాడు ఓటు వేయడు, ఓటు వేయించడు. మా ఉన్నత పాఠశాలలో పత్రికలకు పట్టిన గతియే చికాగోలో కిండర్‌గార్టెనుకు పట్టినది.

పది దినములకే ఊరిలోని పెద్ద క్రీడామందిరమున వేలకొలది జనులు చేరి నిరసన సభ జరిపిరి. చికాగో విశ్వవిద్యాలయమున విద్యాశాస్త్ర ఆచార్యుడైన ఛార్లెస్ జడ్ ఈ కోతలను తీవ్రముగా ఖండించెను. మండలి వినలేదు. 1934 ఆగస్టులో కేంద్రమునుండి అప్పు దొరకి జీతబాకీలు తీరినవి. క్రేన్ స్థానమున అదే యేట మూడు నగర కళాశాలలు వెలసినవి. ఆ ఉపాధ్యాయుల వేర్వేరు సంఘములు 1937 లో ఒక్కటైనవి.

హంగు అన్న మాటను గూర్చి కొంత ఆలోచింపవలెను. పసిపిల్లల తరగతి హంగు అగునా? దీనికి ఊహతో గాక లెక్కతో బదులు చెప్పిన రాష్ట్రమొకటి కలదు. టెనెసీలో 1985 లో 79 పాఠశాలలను ఎన్నుకొని, పదునొకండువేలకు పైబడిన పిల్లలను చీట్లు వేసినట్లు విభజించి, కొందఱిని 13 మొదలు 17 మంది గల చిన్న తరగతులలోను, కొందఱిని 22 మొదలు 25 మంది గల మామూలు తరగతులలోను కూర్చుండబెట్టిరి. కిండర్‌గార్టెను నుండి మూడవ తరగతి వఱకు నాలుగేండ్లు ఈ ప్రయోగము నడచినది. చిన్న తరగతులలోని పిల్లలు చదువులోను లెక్కలలోను ముందుండిరి. నల్లజాతి పిల్లలకును పేదపిల్లలకును లాభము మఱింత హెచ్చుగా కనబడినది. అరువదిమంది నడుమ నిలుచుండి ఓనమాలు దిద్దించిన మన ఉపాధ్యాయులు ఈ 22 మందిని "పెద్ద తరగతి" యనుట విని నవ్వుకొందురేమో! నవ్వవలసినదే.

దీనిని చూచి కాలిఫోర్నియా 1996 లో చిన్న తరగతులకు ఇరువదిమందియే యుండవలెనని కోట్ల ధనము కుమ్మరించెను. ఒక్కసారిగా అంతమంది శిక్షితులు ఎక్కడ దొరకుదురు? పేదపేటల బడులలోని అనుభవజ్ఞులు కలవారి పేటలకు తరలిపోయిరి. వారి తావున శిక్షణ లేనివారు చేరిరి. 2008 తరువాత మరల లోటు రాగానే తరగతులు మరల పెరిగినవి.

నా మట్టుకు నేను తక్కినవానిని ఎట్లు సర్దినను, చదువ నేర్చుకొను ప్రాయములోని పిల్లల తరగతిని కడపటగాని ముట్టను. పదునారేండ్లవాడు పోగొట్టుకొన్న భూగోళ పాఠమును మఱియొక యేట చదువుకొనగలడు. మూడవ తరగతి దాటియు చదువురానివానికి తరువాతి పాఠములన్నియు మూసిన తలుపులే. సంగీతము, చిత్రలేఖనముల మాటకు వచ్చునప్పటికి నాకు కొంత సందిగ్ధము కలదు. కలవాని యింట సంగీతపు మాస్టరు వేఱుగా వచ్చును. లేనివాని పిల్లకు బడిలో వినినదే సంగీతము. మన తెలుగువారు పెక్కుమంది కాపురమున్న కాలిఫోర్నియా పట్టణములలో తలిదండ్రులు చందాలు వేసికొని ఇట్టి తరగతులను నిలుపుకొనుచుందురు. మంచిదే. చందా ఇయ్యలేని ఊరిలో అదే తరగతి హంగు అనిపించుకొని ముందుగా పోవును.

హవాయి దీవులలో వేఱొక యుపాయము పన్నిరి. ఆ రాష్ట్రమంతయు ఒక్కటే స్కూలు డిస్ట్రిక్టు. 2009–10 లో ఉపాధ్యాయులకు జీతము లేని సెలవులిచ్చి 17 శుక్రవారములు బడులు మూసిరి. బడిదినములు 163 కు దిగినవి. ఆ యేట దేశములో అంత తక్కువ మఱెక్కడను లేదు. ఎవ్వరి కొలువును పోలేదు గాని, పసిపిల్లలను శుక్రవారమున ఎవరికి అప్పగింపవలెనో తెలియక తల్లులు గవర్నరు కార్యాలయమున బైఠాయించిరి.

లాస్ ఏంజెలీసులో ఎవరిని తీసివేయవలెనను దానికి వ్రాతపూర్వకమైన నియమమే యుండెను. కాలిఫోర్నియా చట్టము ప్రకారము మఱుసటి యేడు పని ఉండకపోవచ్చునని మార్చి 15 లోపల నోటీసు ఇయ్యవలెను. కడపట చేరినవారు ముందు పోవలెను. ఈ నియమమును తేలికగా నిందింపరాదు. అది లేనిచోట పైయధికారికి గిట్టనివాడే ముందు పోవును. ఇది చదువు ఉపాధ్యాయులకు నేను వివరింప నక్కఱలేదు. కాని కడపట చేరినవారెచ్చట నుందురు? పాతవారు ఖాళీ చూచుకొని పోగా మిగిలిన పేదపేటల బడులలో నుందురు. 2009 లో గాంపర్స్, లీచ్టీ, మార్కమ్ అను మూడు మిడిల్ స్కూళ్లలో సగముకన్న హెచ్చుమందికి నోటీసులు వచ్చినవి. అదే నగరమున కలవారి పేటలలోని కొన్ని బడులకు ఆ దెబ్బ తగిలియు తగులనట్లుండెను. ఆ మూడు బడులలో కొందఱు పిల్లలు వరుసగా తాత్కాలిక ఉపాధ్యాయుల ముఖములు చూచుచు సంవత్సరము గడపిరి.

2010 ఫిబ్రవరిలో పిల్లల పక్షమున దావా పడినది. 2011 లో 45 బడుల వఱకు ఈ కోతనుండి మినహాయింప వచ్చునని కుదిరిన రాజీని న్యాయస్థానము ఆమోదించెను. తమ మాట వినకయే రాజీ జరిగెనని ఉపాధ్యాయ సంఘము పైకోర్టుకు పోగా, 2012 లో అది కొట్టివేయబడెను. 2014 లో మఱియొక రాజీ కుదిరి, 37 బడులకు అదనపు సలహాదారులను, శిక్షణను, నిలకడగా నుండు ప్రధానోపాధ్యాయులకు ప్రోత్సాహక ధనమును ఇచ్చుటకు ఒడంబడిరి. 2009 వసంతమున నోటీసులు వచ్చునప్పటికి ఆ మూడు బడులలో ఆరవ తరగతి చదువుచున్న పిల్లలు అప్పటికి పదునొకండవ తరగతి యీడువారై యుండిరి.