సైకిలుకు స్ప్రింగులు ముందు చాలునా, వెనుక కూడా కావలెనా?

కొవ్వూరు దగ్గర గోదావరి గట్టు ఎక్కిన సైకిలిస్టుకు రెండు వైపుల రెండు వేర్వేరు నేలలు ఉన్నవి. దిగువకు, విజ్జేశ్వరము వైపు పోతే డెల్టా మొదలవుతుంది. 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్టకు పడమటి కొస అక్కడే. పశ్చిమ డెల్టా కాలువ బయలుదేరేదీ అక్కడి నుండే. ఆ నేల వాలు ఎంత స్వల్పమంటే, కాలువలలో ఒకప్పుడు పడవలు సరకులతో పైకీ కిందికీ నడిచేవి. ఎగువకు, తాళ్లపూడి మీదుగా పోలవరము వైపు పోతే తూర్పు కనుమలు ఎదురవుతాయి. పాపికొండల మొదట్లో రాళ్లు, చెట్ల వేళ్లు, నిటారైన దిగుళ్లు కనిపిస్తాయి. ఒకే దుకాణములో కొన్న సైకిలు ఈ రెండు దారులకూ ఒకే విధముగా పనికివస్తుందా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

‘మౌంటెన్ బైకు’ అనే పేరుతో దుకాణములలో రెండు రకముల సైకిళ్లు దొరుకుతున్నవి. మొదటి రకానికి ముందు ఫోర్కులో మాత్రమే స్ప్రింగు ఉంటుంది. వెనుక చట్రము బిగువుగా, కదలిక లేకుండా ఉంటుంది. దీనిని హార్డ్‌టెయిల్ అంటారు. రెండవ రకానికి ముందు ఫోర్కులోను, వెనుక చట్రములోను స్ప్రింగులు ఉంటాయి. అది ఫుల్ సస్పెన్షన్. వాడుకలో ‘డబుల్ షాకు’ సైకిలు. పిల్లల కన్ను సహజముగా రెండవ దాని మీదనే పడుతుంది. అది మోటారు సైకిలును గుర్తుకు తెస్తుంది మరి. ఒక స్ప్రింగు మంచిదైతే రెండు ఇంకా మంచివి కావా అని తండ్రిని అడిగే కుర్రవానికి కాదని చెప్పడము సులభము కాదు. సమాధానము భౌతికశాస్త్రములో ఉన్నది.

ముందు, చక్రము రాయిని ఎక్కేటప్పుడు ఏమి జరుగుతుందో చూడాలి. చక్రము వ్యాసార్థము 35 సెంటీమీటర్లు, దారిలో 4 సెంటీమీటర్ల ఎత్తు రాయి, సైకిలు వేగము గంటకు 18 కిలోమీటర్లు, అనగా సెకనుకు 5 మీటర్లు అనుకుందాము. చక్రము రాయి అంచును తాకిన క్షణము నుండి దాని పైకి ఎక్కేవరకు సైకిలు ముందుకు జరిగే దూరము రమారమి 16 సెంటీమీటర్లు. ఇది పైథాగరస్ సిద్ధాంతముతో పదవ తరగతి విద్యార్థి కట్టగల లెక్కే. ఆ దూరానికి పట్టే కాలము సెకనులో ముప్పయ్యవ వంతు. ఆ కొద్ది వ్యవధిలో ఇరుసు 4 సెంటీమీటర్లు పైకి లేవాలి. స్ప్రింగు లేని సైకిలులో ఇరుసుతో పాటు చట్రము, హేండిలు, దానిని పట్టుకొన్న చేతులు కూడా ఒక్కసారిగా లేవాలి. స్ప్రింగు ఉంటే రెండు మూడు కిలోల చక్రము మాత్రమే లేస్తుంది; పైనున్న భారము జడత్వము వలన దాదాపు తన ఎత్తులోనే సాగిపోతుంది. అంతేకాదు, చక్రము నేలను వదలి ఎగరకుండా స్ప్రింగు దానిని మళ్లీ కిందికి నొక్కుతుంది. నేలను తాకని చక్రము తిరగనూ తిరగదు, బ్రేకుకు లొంగనూ లొంగదు. కాబట్టి స్ప్రింగు సుఖము కోసమే అనుకోవడము పొరపాటు. దాని మొదటి పని చక్రమును నేలకు అంటి ఉంచడము.

ఈ పని ముందు చక్రానికి మరీ అవసరము. రాయిని మొదట ఢీకొనేది అదే. దారి తిప్పేదీ అదే. వెనుక చక్రము సంగతి వేరు. గతుకు కనిపించగానే సవారీ సీటు మీద నుండి కొంచెము లేచి, మోకాళ్లు వంచి, పెడళ్లపై నిలబడితే అతని కాళ్లే స్ప్రింగులు అవుతాయి. పల్లెటూరి పిల్లలు ఎవరూ నేర్పకుండానే ఈ పని చేస్తారు. పాత నల్ల సైకిలు తోలు సీటు కింద ఉండే రెండు స్ప్రింగులూ నడుముకు ఇటువంటి సాయమే చేస్తాయి. అయితే అవి మనిషిని కాపాడుతాయే కాని చట్రమును కావు.

ఇక వెనుక స్ప్రింగుకు ఉన్న చిక్కు. దానిని రాయి మాత్రమే కదలించదు; తొక్కేవాని కాళ్లు కూడా కదలిస్తాయి. మనిషి పెడలును సమానమైన బలముతో తొక్కలేడు. ఒక కాలు కిందికి పోయినప్పుడల్లా ఒక తోపు, రెండవ కాలికి మరొక తోపు. నిమిషానికి 75 చుట్లు తొక్కేవాడు 150 తోపులు ఇస్తాడు. అనగా సెకనుకు రెండున్నర.

స్ప్రింగుకు తనదైన ఒక సహజ పౌనఃపున్యము ఉంటుంది. దానిని కనుగొనడానికి స్ప్రింగు బిగువు గాని, మనిషి బరువు గాని తెలియనక్కరలేదు. సవారీ ఎక్కి కూర్చున్నప్పుడు స్ప్రింగు వలన సీటు ఎంత కుంగినదో తెలిస్తే చాలు. ఆ కుంగుడు ఎంతో అంత పొడవు గల లఘులోలకము ఒకసారి ఊగడానికి పట్టే కాలమే ఆ స్ప్రింగు డోలనమునకు సుమారుగా పట్టే కాలము. కుంగుడు 4 సెంటీమీటర్లు అయితే ఆ కాలము 0.4 సెకను. అనగా సెకనుకు రెండున్నర డోలనములు!

రెండు అంకెలు ఒకటే కావడములోనే చిక్కు ఉన్నది. ఉయ్యాలను దాని లయకు సరిగ్గా తోస్తే చిన్న తోపులతోనే అది పైకి లేస్తుంది. దీనినే అనునాదము అంటారు. వెనుక స్ప్రింగు గల సైకిలులో తొక్కుడు లయ, స్ప్రింగు లయ దగ్గర పడితే సీటు ప్రతి తొక్కుడుకూ లేచి పడుతూ ఉంటుంది. గొలుసు ద్వారా చక్రానికి చేరవలసిన శ్రమలో కొంత భాగము ఈ ఊపునకు ఖర్చయి, చివరకు వేడిగా మారి గాలిలో కలుస్తుంది. ఉపాధ్యాయులు తరగతిలో 4 సెంటీమీటర్ల దారానికి ఒక నట్టు కట్టి ఊపి, దాని పక్కనే సైకిలును స్టాండు వేసి ఒక విద్యార్థి చేత పెడలు తొక్కిస్తే, రెండు లయలు ఎంత దగ్గరవో పిల్లలు కళ్లతో చూడవచ్చును.

దీనికి విరుగుడు లేకపోలేదు. మంచి షాకు అబ్జార్బరులో స్ప్రింగుతో పాటు నూనె నింపిన గొట్టము ఒకటి ఉంటుంది. స్ప్రింగు కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రముల గుండా దూరిపోవాలి. సైకిలు పంపు మూతిని వేలితో సగము మూసి కొట్టితే మెల్లగా దిగుతుంది, గట్టిగా కొట్టితే ఎదురు తిరుగుతుంది, ఇదీ అటువంటిదే. నూనె ఊపును ఒకటి రెండు డోలనములలో అణచివేస్తుంది. దీనిని డాంపరు అంటారు. దానికి తోడు, గొలుసు లాగుడే చట్రము కుంగుడును కొంతవరకు ఎదిరించేటట్లు వెనుక కీలును తగిన చోట అమర్చడము నేర్పరులైన రూపకర్తలు చేసే పని. ఎత్తు ఎక్కేటప్పుడు స్ప్రింగును బిగించివేసే లాకౌటు అనే మీట కూడా కొన్నింటికి ఉంటుంది. ఇవన్నీ ఉన్న సైకిలు వెల పెద్దది. చవక డబుల్ షాకు సైకిళ్లలో సాధారణముగా ఇవేమీ ఉండవు; రెండు మరల మధ్య ఒక ఉక్కు స్ప్రింగు, అంతే. అది రాయి దెబ్బను తగ్గించిన మాట నిజమే కాని, ఆ తరువాత ఊగుతూనే ఉంటుంది.

కొనేవాడు దుకాణములోనే దీనిని పరీక్షింపవచ్చు. సీటును రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదలాలి. ఒకసారి లేచి నిలిచిపోతే డాంపరు ఉన్నట్లు. మూడు నాలుగు సార్లు ఊగితే లేనట్లు. తరువాత వెనుక చక్రమును పట్టుకొని పక్కకు ఊపి చూడాలి. కీలు బుష్షులలో వదులు ఉంటే చేతికి తెలుస్తుంది. కొత్త సైకిలులోనే వదులు ఉంటే, ఇసుక, కాలువ గట్టు బురద ఆ బుష్షులలో దూరిన తరువాత సంగతి చెప్పనక్కరలేదు.

పర్వతముల సైకిలు పుట్టినప్పుడు దానికి స్ప్రింగులే లేవు. 1970ల దశాబ్దములో కాలిఫోర్నియాలో టమల్‌పాయిస్ కొండ దగ్గరి యువకులు లావు టైర్ల పాత సైకిళ్లపై మట్టి దారులలో కిందికి దూకేవారు. 1989లో పాల్ టర్నరు స్థాపించిన రాక్‌షాక్స్ సంస్థ గాలి, నూనె గల ముందు ఫోర్కును తెచ్చింది. మరుసటి సంవత్సరము డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీలో దిగుడు పందెమును గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే గెలిచాడు. వెనుక స్ప్రింగు మాత్రము అంత త్వరగా నెగ్గలేదు. 2012 లండన్ ఒలింపిక్స్ కొండదారి పందెములో ఫుల్ సస్పెన్షన్ సైకిలు ఎక్కిన యారోస్లావ్ కుల్‌హావీ, హార్డ్‌టెయిల్ ఎక్కిన నీనో షుర్టర్‌ను ఓడించాడు. తేడా ఒకే ఒక్క సెకను! ప్రపంచములో కెల్లా మేలైన డాంపర్లు, మేలైన కాళ్లు ఉన్న చోటనే తగవు అంత సన్ననిది.

కొవ్వూరు విద్యార్థికి తగవు అంత సన్ననిది కాదు. బడికి, ట్యూషనుకు, గోదావరి దాటి రాజమహేంద్రవరమునకు వెళ్లే దారులలో ఎదురయ్యేవి గోతులు, వంతెన అతుకులు, గట్టు మీద గులక. 1974లో తెరచిన రోడ్డు రైలు వంతెనపై నాలుగు కిలోమీటర్లు గాలికి ఎదురుగా తొక్కేవానికి కావలసినది ప్రతి తోపూ చక్రానికి చేరడము. ఒకే వెలలో డబుల్ షాకు సైకిలు సాధారణముగా రెండు మూడు కిలోలు ఎక్కువ బరువు ఉంటుంది; స్ప్రింగుకు, కీళ్లకు పెట్టిన ఖర్చును బ్రేకుల్లోను, గేర్లలోను తగ్గించి ఉంటారు. కాబట్టి ఇక్కడ హార్డ్‌టెయిల్ మేలు. ముందు ఫోర్కు కూడా నాసిరకమైతే, అది కూడా లేని గట్టి సైకిలు ఇంకా మేలు. వెనుక షాకు మరమ్మతు ఒక బాధ. పంక్చరు, ఊచలు, కప్పులు, కోనులు ఏ ఊరి సైకిలు షాపులోనైనా బాగుపడతాయి. నూనె షాకును విప్పడానికి వేరే పనిముట్లు కావాలి.

అటవీశాఖ అనుమతితో పాపికొండల దారులలో తిరగదలచి, గంటల తరబడి రాళ్ల మీద దిగవలసిన వానికి లెక్క తారుమారు అవుతుంది. అక్కడ తొక్కుడు తక్కువ, దెబ్బలు ఎక్కువ. పెడళ్లపై నిలబడి నిలబడి కాళ్లు అలసిపోతే వాటి స్ప్రింగు పని ఆగిపోతుంది. మంచి డాంపరు గల వెనుక స్ప్రింగు అక్కడ తన వెలకు న్యాయము చేస్తుంది.

ఈ చర్చలో టైరును అందరూ మరచిపోతారు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రముల బండికి గాలి టైరు కట్టినప్పుడే సైకిలుకు మొదటి స్ప్రింగు వచ్చినట్లు. గాలి స్ప్రింగుకు కీలు లేదు, నూనె లేదు, బరువు లేదు. రెండు అంగుళాల లావు టైరులో 60 కిలోల విద్యార్థి 30 నుండి 35 పౌండ్ల ఒత్తిడి ఉంచితే చిన్న గులక, వంతెన అతుకులు చాలావరకు తెలియవు. చాలామంది దానిని రాయివలె గట్టిపడే వరకు కొట్టి, తరువాత సీటుకు స్పాంజి కవరు కొంటారు. అయితే టైరు పక్కన అచ్చువేసిన కనిష్ఠ ఒత్తిడికి దిగువకు పోరాదు. పోతే గోతి అంచున ట్యూబు రిమ్ముకు, రాతికి మధ్య నలిగి, పాము కాటులాగ పక్కపక్కనే రెండు రంధ్రములు పడతాయి.