మంచు చూడ్డానికి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఈ బులెటిన్ చదవండి

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి మనాలీ, గుల్‌మార్గ్ ప్యాకేజీల కోసం వెతుకులాట మొదలవుతుంది. ట్రావెల్ ఏజెంట్‌ను అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘అక్కడ మంచు ఉంటుందా?’ అనే. రెండో ప్రశ్న కూడా ఒకటుంది, దాన్ని అడిగేవాళ్లు తక్కువ: ‘ఆ మంచు నిలకడగా ఉందా?’

ఈ రెండింటికీ జవాబిచ్చే ప్రభుత్వ వ్యవస్థలు మన దేశంలో ఉన్నాయి. వాటి సమాచారం ఉచితం. ఎవరు కొలుస్తారు, ఏం చెబుతారు, దాన్ని ఎలా చదువుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకే సీజన్‌లో రెండు ముఖాలు

2024 జనవరిలో గుల్‌మార్గ్ వెళ్లినవాళ్లకు తెల్లటి మైదానాల బదులు గోధుమరంగు గడ్డి కనిపించింది. మంచు లేక చాలామంది బుకింగ్‌లు రద్దు చేసుకున్నారు. ఫిబ్రవరిలో పరిస్థితి తిరగబడి భారీగా మంచు కురిసింది. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు ఫిబ్రవరి 21న అక్కడే మొదలయ్యాయి. మర్నాడే, 22న, ఖిలన్‌మార్గ్ ప్రాంతంలో మంచుచరియ విరిగిపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయారు. అంతకు ఏడాది ముందు, 2023 ఫిబ్రవరి 1న, అఫర్వత్ వాలులో ఇద్దరు పోలండ్ స్కీయర్లు ఇలాగే ప్రాణాలు కోల్పోయారు.

మంచు లేకపోతే సరదా ఉండదు. ఒక్కసారిగా ఎక్కువ కురిస్తే ప్రమాదం. పర్యాటకులకు బాగా నచ్చేది కొత్తగా పడిన మెత్తటి మంచే. చరియలు ఎక్కువగా విరిగేది కూడా అలా కురిసిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే.

ఎవరు కొలుస్తారు?

హిమాలయాల్లో మంచుచరియల ముప్పును అంచనా వేసే సంస్థ డీజీఆర్‌ఈ. పూర్తి పేరు డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్. ఇది డీఆర్‌డీఓకు చెందిన ప్రయోగశాల, చండీగఢ్‌లో ఉంది. 2020 వరకు దీన్ని ‘సాసే’ అనేవారు. సరిహద్దుల్లోని సైనికుల కోసం మొదలైన ఈ పని ఇప్పుడు పర్యాటకులకూ ఉపయోగపడుతోంది. పర్వతాల్లోని పరిశీలన కేంద్రాలు, ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల నుంచి మంచు లోతు, ఉష్ణోగ్రత, గాలి వేగం వంటి వివరాలు దీనికి అందుతాయి.

ఎంత మంచు కురుస్తుందన్న అంచనా భారత వాతావరణ శాఖ ఇస్తుంది. శ్రీనగర్, శిమ్లా, దేహ్రాదూన్‌లలోని దాని కేంద్రాలు రోజూ బులెటిన్లు విడుదల చేస్తాయి. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే ‘పశ్చిమ అలజడులు’ ఎప్పుడు తాకుతాయన్నదే అందులో కీలకం. మన ఉత్తరాది కొండల్లో చలికాలపు మంచుకు ప్రధాన కారణం అవే.

మూడో కన్ను ఉపగ్రహం. ఈ పనిలో మన పాత్ర కూడా ఉంది. రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలను షాద్‌నగర్ కేంద్రంలో అందుకుంటారు. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాటితో హిమాలయాల్లో మంచు పరచుకున్న విస్తీర్ణాన్ని లెక్కగడుతుంది. అయితే ఈ చిత్రాలు మంచు ఎంత దూరం పరచుకుందో చూపిస్తాయి కానీ, దాని లోపల పొరలు ఎలా ఉన్నాయో చూపించలేవు. అది తెలియాలంటే మనిషి వెళ్లి గుంత తవ్వాల్సిందే.

గుంత తవ్వి ఏం చూస్తారు?

కొండ మీది మంచు ఒకే ముద్దగా ఉండదు. ఒక్కో మంచువానకు ఒక్కో పొర ఏర్పడుతుంది. నిపుణులు నేల వరకు గుంత తవ్వి, గోడలో కనిపించే పొరలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. ఏది గట్టిగా ఉంది, ఏది చక్కెర పలుకుల్లా విడివిడిగా ఉంది, ఎంత వేడి, ఎంత బరువు అన్నవి నమోదు చేస్తారు.

చలి తీవ్రంగా ఉండి, నేల మీద కొద్దిపాటి మంచే ఉంటే అడుగుపొర క్రమంగా పలుకులుగా మారుతుంది. వాటి మధ్య పట్టు ఉండదు. దాని మీద భారీగా కొత్త మంచు పడితే, ఇసుక మీద బండ పెట్టినట్టే. పైపొర పలకలా ఉండి, కింది పొర బరువు మోయలేనప్పుడు ఒక మనిషి అడుగు చాలు, వాలు మొత్తం జారడానికి. పొడిగా గడిచిన డిసెంబరు, జనవరి తర్వాత ఫిబ్రవరిలో కురిసే భారీ మంచును అనుమానంగా చూసేది ఇందుకే.

బరువు విషయానికొస్తే, కొత్త మంచు 10 సెంటీమీటర్లు కరిగితే సుమారు 1 సెంటీమీటరు నీరవుతుంది. కొంత గట్టిపడిన మంచు పలక 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం ఉందనుకోండి. దాని బరువు దాదాపు 10 టన్నులు. దూరం నుంచి దూదిలా కనిపించేది మీద పడితే లారీ లోడుతో సమానం.

బులెటిన్ ఎలా చదవాలి?

హెచ్చరికలో సాధారణంగా నాలుగు విషయాలు ఉంటాయి: జిల్లా, ఎత్తు, ప్రమాద స్థాయి, వర్తించే సమయం. ఉదాహరణకు ‘ఫలానా జిల్లాలో 2,500 మీటర్లకు పైన, రాబోయే 24 గంటల్లో మధ్యస్థ ప్రమాదం’ అని ఉంటుంది. ఇక్కడ ఎత్తు ముఖ్యం. మీరు వెళ్లే చోటు ఎంత ఎత్తులో ఉందో తెలియకపోతే హెచ్చరిక మీకు వర్తిస్తుందో లేదో తెలియదు. సుమారు ఎత్తులు ఇవీ:

• మనాలీ పట్టణం: 2,050 మీటర్లు
• సోలంగ్ లోయ: 2,500 మీటర్లు
• గుల్‌మార్గ్: 2,650 మీటర్లు
• సిస్సు (అటల్ టన్నెల్ దాటాక): 3,100 మీటర్లు
• రోహ్‌తంగ్ కనుమ: 3,978 మీటర్లు

గుల్‌మార్గ్ గొండోలా రెండో దశ ఎక్కితే అఫర్వత్ మీద దాదాపు 3,950 మీటర్లకు చేరతారు. హోటల్ దగ్గర అంతా ప్రశాంతంగా ఉన్నా పైన పరిస్థితి వేరు.

ప్రమాద స్థాయికి అంతర్జాతీయంగా 5 మెట్ల కొలమానం ఉంది: తక్కువ, మధ్యస్థం, గణనీయం, ఎక్కువ, అతి ఎక్కువ. 5వ స్థాయి ఉన్నప్పుడు ఎవరూ బయటకు వెళ్లరు. యూరప్ అనుభవం ప్రకారం స్కీయింగ్, ట్రెక్కింగ్‌లలో మరణాలు ఎక్కువగా జరిగేది మధ్యలోని 2, 3 స్థాయిల్లోనే. ‘మధ్యస్థం’ అన్న మాట చూసి ఫర్వాలేదనుకోవడమే పొరపాటు.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. తెలుగు వార్తల్లో ‘హిమపాతం’ అనే మాటను మంచు కురవడానికీ, చరియలు విరిగిపడటానికీ వాడుతుంటారు. శీర్షిక చూసి వదిలేయకుండా లోపల ఏ అర్థంలో రాశారో చూడండి.

ఎవరికి ఏం వర్తిస్తుంది?

మంచులో ఆడుకుని ఫొటోలు దిగే కుటుంబాలకు అసలు ఇబ్బంది రోడ్లతోనే. భారీగా కురిసిన రోజు మనాలీ నుంచి సోలంగ్, అటల్ టన్నెల్ వైపు పోలీసులు ఫోర్ బై ఫోర్ వాహనాలనే అనుమతిస్తుంటారు. ఆ రోజు ప్రయాణానికి ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి.

గొండోలాలో పైకి వెళ్లేవాళ్లు, గాలి ఎక్కువున్నా, చరియల ముప్పున్నా రెండో దశ ఆపేస్తారని గుర్తుంచుకోవాలి. అలాంటప్పుడు నిర్వాహకులతో వాదించి లాభం లేదు.

స్కీయింగ్, ట్రెక్కింగ్ చేసేవాళ్లు గీత దాటకూడదు. గస్తీ ఉండే వాలులు వేరు, వాటి బయటి కొండలు వేరు. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. స్కీయర్లకు బాగా నచ్చేవీ అవే. వినోదం కోసం వెళ్లినవాళ్లు చిక్కుకున్న ప్రమాదాల్లో చాలావరకు చరియను కదిలించింది ఆ బృందంలోని వారే. కూరుకుపోయిన మనిషిని పావుగంటలోపు బయటకు తీయగలిగితే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత వేగంగా పడిపోతుంది. అంత త్వరగా సహాయక బృందాలు చేరలేవు. అందుకే ట్రాన్స్‌సీవర్, ప్రోబ్, పార, వాటిని వాడటం తెలిసిన తోడు లేకుండా గీత దాటి వెళ్లకూడదు.

హెచ్చరిక ఉన్నా ఎందుకు జరుగుతాయి?

2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్, నాథులా మార్గంలో చరియ విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. పాసులు ఇచ్చింది 13వ మైలు వరకే. ప్రమాదం జరిగింది 15వ మైలు దగ్గర. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర సరిహద్దు రోడ్ల పనిలో ఉన్న 54 మంది కార్మికులు చిక్కుకున్నారు, 8 మంది చనిపోయారు. ఆ ప్రాంతానికి డీజీఆర్‌ఈ ముందు రోజే హెచ్చరిక ఇచ్చింది.

కార్మికులకు ఎక్కడ ఉండాలన్నది వారి చేతుల్లో ఉండదు. పర్యాటకులకు ఉంటుంది. ‘ఇంత దూరం వచ్చాం, ఇంకో రెండు కిలోమీటర్లేగా’ అని డ్రైవర్‌ను బతిమాలకుండా ఉండటం మన చేతిలోని పనే.

వెళ్లే ముందు

• జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ యాప్ వేసుకోండి. డీజీఆర్‌ఈ హెచ్చరికలు కూడా ఇందులో వస్తాయి.
• వాతావరణ శాఖ ‘మౌసమ్’ యాప్‌లో వెళ్లే ఊరి అంచనా చూడండి. వారం ముందు ఒకసారి, బయల్దేరే రోజు ఉదయం మరోసారి.
• గత 48 గంటల్లో ఎంత మంచు కురిసిందో, గాలి ఎలా ఉందో హోటల్‌ను అడగండి.
• వానపడినా, ఎండకాసి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగినా నిటారు వాలుల కింద ఆగవద్దు.
• ప్యాకేజీ బుక్ చేసేటప్పుడే, వాతావరణం వల్ల రద్దయితే డబ్బు ఎంత వెనక్కి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి.
• అత్యవసర నంబరు 112.

మంచు రోజులు నమ్మకంగా ఉండటం లేదు. 2024-25 శీతాకాలంలో హిందూకుష్ హిమాలయాల్లో మంచు నిలిచి ఉండటం సాధారణం కంటే 23.6 శాతం తగ్గిందని, 23 ఏళ్లలో ఇదే అత్యల్పమని కాఠ్‌మాండూలోని ఐసీఐఎంఓడీ లెక్కగట్టింది. 2025లో గుల్‌మార్గ్ శీతాకాల క్రీడలను మంచు లేక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా వేశారు. తేదీలు ముందే ఖాయం చేసుకునే కుటుంబాలు డబ్బు కట్టేముందు మంచు లేని రోజుకు ఒక ప్రణాళిక, మంచు మరీ ఎక్కువైన రోజుకు మరో ప్రణాళిక వేసుకోవడం మంచిది.