మెడల్ వద్దు, ఇంటికి వెళ్ళొస్తా

యుద్ధం సినిమా అనగానే మన కళ్ళ ముందుకి వచ్చేవి జెండా, స్లో మోషన్, దద్దరిల్లే మ్యూజిక్, చివర్లో శత్రువు ఓటమి. సోవియట్ యూనియన్‌లో కూడా అలాంటి సినిమాలు తీశారు, చాలా గొప్పగా తీశారు. కానీ అదే దేశంలో, అదే మాస్‌ఫిల్మ్ అనే ప్రభుత్వ స్టూడియోలో, ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో రకం యుద్ధ సినిమాలు వచ్చాయి. ఈ రెండు రకాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే, తెర మీద చూపించే దేశభక్తి దేని మీద నిలబడుతుందో బాగా తెలుస్తుంది.

మొదటి రకానికి ఉదాహరణ 'అలెగ్జాండర్ నెవ్‌స్కీ' (1938). దర్శకుడు సెర్గేయ్ ఐసెన్‌స్టైన్. 1242లో జర్మన్ ట్యుటానిక్ నైట్లు రష్యా మీదకి దండెత్తి వస్తే, నెవ్‌స్కీ అనే రాజకుమారుడు గడ్డకట్టిన సరస్సు మీద వాళ్ళని ఓడించిన కథ ఇది. కథ 13వ శతాబ్దానిదే, కానీ సినిమా మాట్లాడుతున్నది మాత్రం హిట్లర్ జర్మనీ గురించి. ఆ సంగతి దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

ఇందులో మంచు మీద యుద్ధం సుమారు అరగంట ఉంటుంది. దాన్ని తీసింది మాస్కో ఎండాకాలంలో! నేలని చదును చేసి, సుద్ద లాంటి తెల్లటి పదార్థాలు పరిచి మంచు అనిపించారు. ప్రొకోఫియెవ్ సంగీతం ఇచ్చాడు. కొన్ని సీన్లకి ముందు సంగీతం తయారైంది, తర్వాత దానికి తగ్గట్టు ఎడిటింగ్ చేశారు. అన్నిటికంటే తెలివైన పని ముఖాలతో చేశారు. జర్మన్ నైట్ల తలలు బకెట్ల లాంటి ఇనుప టోపీల్లో ఉంటాయి, కళ్ళ దగ్గర సన్నటి చీలిక తప్ప ఏమీ కనిపించదు. రష్యన్ల ముఖాలు మాత్రం పూర్తిగా కనిపిస్తాయి, వాళ్ళు నవ్వుతారు, జోకులేసుకుంటారు. ముఖమే లేనివాడు నీళ్ళలో మునిగిపోతుంటే చూసేవాడికి జాలి ఎక్కడినుంచి వస్తుంది?

అయితే ఈ సినిమాకి జరిగింది చూడండి. 1939 ఆగస్టులో స్టాలిన్ ప్రభుత్వం, హిట్లర్ ప్రభుత్వం ఒకరి మీద ఒకరు దాడి చేయకూడదని ఒప్పందం రాసుకున్నాయి. వెంటనే 'నెవ్‌స్కీ'ని థియేటర్ల నుంచి తీసేశారు. 1941 జూన్‌లో హిట్లర్ దాడి చేశాడు, సినిమా మళ్ళీ తెర మీదకి వచ్చింది. 1942లో నెవ్‌స్కీ పేరుతో ఒక సైనిక పతకం కూడా పెట్టారు. ఆయన కాలం నాటి బొమ్మ ఏదీ లేకపోవడంతో, సినిమాలో ఆ పాత్ర వేసిన చెర్కాసోవ్ ముఖాన్నే పతకం మీద చెక్కారు. ఒక సినిమాకి ఇంతకన్నా గౌరవం ఉండదు. కానీ ఆ మధ్యలో రెండేళ్ళు ఎందుకు కనిపించకుండా పోయింది? ఆ దేశభక్తి మొత్తం శత్రువు మీద నిలబడింది కాబట్టి. శత్రువు మిత్రుడైన రోజున దానికి పని లేకుండా పోయింది.

తర్వాత అసలు యుద్ధం వచ్చింది. సోవియట్ వైపు సుమారు 2 కోట్ల 70 లక్షల మంది చనిపోయారని అంచనా. 1953లో స్టాలిన్ పోయాడు. 1956లో క్రుశ్చేవ్ స్టాలిన్ తప్పుల్ని పార్టీ మహాసభలోనే ఎండగట్టాక కళాకారులకి కొంచెం ఊపిరాడింది. అప్పుడు కెమెరా ఇళ్ళ వైపు తిరిగింది.

1957లో కలతోజోవ్ తీసిన 'ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్'లో ఒక షాట్ ఉంది. యుద్ధానికి వెళ్తున్న ప్రియుడికి వీడ్కోలు చెప్పడానికి వెరోనికా బస్సులో వస్తుంటుంది. కెమెరా ఆమె పక్కనే ఉంటుంది. ఆమె దిగి జనంలోకి తోసుకుంటూ వెళ్తే వెంటే వెళ్తుంది, తర్వాత ఒక్కసారి పైకి లేస్తుంది. ఆమె వరసగా వెళ్తున్న ట్యాంకుల మధ్య చిన్న బొమ్మలా పరిగెడుతూ కనిపిస్తుంది. మధ్యలో కట్ లేదు. కెమెరామన్ ఉరుసెవ్‌స్కీ యుద్ధకాలంలో ఫ్రంట్‌లో పనిచేసినవాడు. ఈ సినిమాకి 1958లో కాన్ ఫెస్టివల్ అత్యున్నత బహుమతి వచ్చింది.

1959లో వచ్చిన 'బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్' ఇంకో అడుగు ముందుకేసింది. దర్శకుడు చుఖ్రాయ్ స్వయంగా యుద్ధంలో పోరాడి గాయపడినవాడు. హీరో అల్యోషాకి పంతొమ్మిదేళ్ళు, అంటే మన వయసే. ట్యాంకు తరుముతుంటే పరిగెడతాడు. ఆ భయంలో ఫ్రేమ్ మొత్తం తలకిందులై నేల పైకి వచ్చేస్తుంది. చివరికి దొరికిన తుపాకీతో రెండు ట్యాంకుల్ని పేల్చేస్తాడు. జనరల్ పతకం ఇప్పిస్తానంటే, దాని బదులు ఇంటికి వెళ్ళొస్తానంటాడు. అమ్మ ఉండే ఇంటి కప్పు కారుతోందట. ఆరు రోజుల సెలవు దొరుకుతుంది. వెళ్ళడానికి రెండు, కప్పు బాగుచేయడానికి రెండు, తిరిగి రావడానికి రెండు.

దారిలో ఒక కాలు పోయిన సైనికుడికి తోడుంటాడు. ఎవరో సైనికుడు ఇంటికి పంపిన సబ్బు ఇవ్వడానికి ఊళ్ళో తిరుగుతాడు. రైల్లో ఒక అమ్మాయి పరిచయమవుతుంది. ఇలా రోజులన్నీ కరిగిపోయి, అమ్మని చేరేసరికి కాసేపే మిగులుతుంది. దారి మధ్యలో కౌగిలించుకుంటారు, అంతే. అతను తిరిగి రాడని సినిమా మనకి మొదటి నిమిషాల్లోనే చెప్పేస్తుంది. అందుకే అతను వృథా చేసిన ప్రతి గంటా మనకి గుచ్చుకుంటుంది. నిజానికి వృథా అనకూడదు, ఆ గంటలన్నీ ఎవరికో ఒకరికి సాయం చేస్తూ ఖర్చు పెట్టినవే.

ఇవి ప్రభుత్వాన్ని ఎదిరించిన సినిమాలని అనుకోకండి. ప్రభుత్వ డబ్బుతోనే తీశారు, 'బ్యాలడ్'కి లెనిన్ బహుమతి కూడా ఇచ్చారు. స్టాలిన్ జైళ్ళు, శిక్షలు ఇందులో ఎక్కడా కనిపించవు. అయినా ఒక తేడా ఉంది. 'బ్యాలడ్'లో శత్రువు ముఖాన్ని మనం ద్వేషించాల్సిన అవసరం రాదు. కారుతున్న కప్పు, సబ్బు, ఊరి చివర దారిలో నిలబడ్డ అమ్మ, వీటినే దేశం అంటుంది ఆ సినిమా. ఏ రెండు దేశాలు ఏ ఒప్పందం రాసుకున్నా ఆ అమ్మని తెర మీద నుంచి తీసేయాల్సిన పని రాదు.

'బ్యాలడ్' గంటన్నర కూడా ఉండదు. సెమిస్టర్ సెలవుల్లో ముందు 'నెవ్‌స్కీ'లో మంచు యుద్ధం చూడండి, వెంటనే ఇది చూడండి. మొదటిది చూశాక చప్పట్లు కొడతారు. రెండోది చూశాక ఇంటికి ఫోన్ చేస్తారు.