పాత వెండింగ్ యంత్రము – కొత్త విద్య

నాణెము వేసినంతనే వస్తువు నందించు యంత్రము నేటి వింత కాదు. క్రీస్తు శకము 1వ శతాబ్దమున అలెగ్జాండ్రియా వాసియైన హీరో, నాణెపు బరువునకు మీట వంగి కొంత నీరు విడుచు పరికరమును వర్ణించెను. రైల్వే స్టేషన్లలో రంగుదీపములతో మెరయుచు, బరువును జాతకవాక్యమును ముద్రించిన అట్టముక్కనిచ్చిన తూకపు యంత్రము మన పెద్దలకు గుర్తుండును. 2022 డిసెంబరులో హైదరాబాదు బేగంపేటలో బంగారు నాణెములిచ్చు యంత్రము సైతము వెలసినది.

ఇట్టి యంత్రము మూలబడినచో పాత ఇనుప సామాను వారికి తూకమునకు అమ్ముట మన అలవాటు. కాని నియంత్రించు బోర్డు చెడినను మోటార్లు, మరచుట్లు, మీటలు పనిచేయుచునే యుండవచ్చును. అట్టిది మన కళాశాలకు లభించినచో ప్రయోగశాలలో దానిని మించిన పాఠ్యపుస్తకము లేదు.

దాని పనితీరు సులభము. నాణెము తీగచుట్ల నడుమ జారునపుడు దాని లోహమును, పరిమాణమును బట్టి అయస్కాంత క్షేత్రము మారును. ఆ మార్పు సరిపోలినచో ఒక విద్యుత్ సంకేతము వెలువడును. అంతట మోటారు మరచుట్టును ఒక్కసారి తిప్పును. ముందున్న వస్తువు క్రిందపడును. చిన్న స్విచ్చి మోటారును ఆపుమని తెలుపును.

చెడిన బోర్డు స్థానమున 2005లో ఇటలీలో విద్యార్థుల కొరకు రూపొందిన ఆర్డుయినో వంటి బోర్డును అమర్చవచ్చును. దాని సంకేతము 5 వోల్టులు, సుమారు 20 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. మోటారుకు తరచుగా 24 వోల్టులు వలయును. కావున నడుమ ట్రాన్సిస్టరు ఉండవలెను. కాకతీయ కాలువ తూమును ఒక మనిషి తిప్పును. పారు నీటి బలము మాత్రము అతనిది కాదు. ట్రాన్సిస్టరు పనియు నట్టిదే. మోటారు ఆగునపుడు ఎదురు వోల్టేజి పుట్టును గనుక ఒక డయోడును అడ్డముగా కలుపవలెను.

ఇక యంత్రముతో సంభాషణ. సామాన్యమైన రెండు వరుసల తెరపై తెలుగు, ఉర్దూ లిపులు కానరావు. కావున విద్యార్థుల కంఠములతో రెండు భాషలలోను ప్రశ్నలను మెమరీ కార్డుపై నింపి వినిపించవలెను. సరియైన మీట నొక్కినవానికి ఒక రెసిస్టరో, ఎల్.ఇ.డి. దీపమో బహుమతిగా రాలును. తప్పు నొక్కినవానికి యంత్రము కారణము చెప్పి మరల ప్రశ్నించును. 1982 ప్రాంతమున అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు తమ శీతలపానీయ యంత్రమును కంప్యూటరుతో కలిపి, సీసాలు చల్లబడినవో లేదో గదినుండియే తెలిసికొనిరి. విద్యాసంస్థలకు ఇది తగని పని కాదు.

జాగ్రత్త ముఖ్యము. 230 వోల్టుల తీగను పూర్తిగా తీసివేసిన పిదపనే మూత విప్పవలెను. కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును. శీతల యంత్రభాగమును తాకరాదు. అధ్యాపకుడు దగ్గర నుండవలెను.

ఇందు సైన్సు విద్యార్థి తీగలు అతుకును, భాషా విద్యార్థి ప్రశ్నలు వ్రాయును, కామర్సు విద్యార్థి లెక్క చూచును. కళాశాల కమిటీవారు బీరువా యంత చోటును, అనుమతిని ప్రసాదించినచో చాలును. తూకమునకు అమ్మగా వచ్చు కొద్ది రూపాయలకంటె, విద్యార్థి తన చేతితో నడిపించిన యంత్రము కళాశాలకు ఎక్కువ లాభమని మా విశ్వాసము.