వేడిని బట్టి వరస!

గాలానికి కట్టే దారం గాజులా మెరుస్తుంది. యంత్రంలోని పళ్లచక్రం పాలలా తెల్లగా, గట్టిగా ఉంటుంది. రెండూ నైలానే. మరి ఇంత తేడా ఎందుకంటే... చల్లార్చిన తీరు వేరు!

అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో తయారుచేసిన నైలాన్‌లో అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. పక్కపక్క గొలుసులు హైడ్రోజన్ బంధాలతో చేతులు పట్టుకుంటాయి. అవి వరసగా సర్దుకున్నచోట స్ఫటికం, మిగిలినచోట చిక్కుపడ్డ దారపుండ! కరిగిన నైలాన్‌ను నీళ్లలో ముంచి గబుక్కున చల్లారిస్తే గొలుసులు సర్దుకునే తీరిక ఉండదు. అందుకే పారదర్శకంగా, మెత్తగా ఉంటుంది. నిదానంగా చల్లారిస్తే స్ఫటికాలు పెరుగుతాయి. అవి కాంతిని చెదరగొట్టడంతో తెల్లగా కనిపిస్తుంది, గట్టిపడుతుంది.

చల్లార్చేటప్పుడే కాదు, వేడిచేసినా ఈ వరస మారుతుంది. 1942లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ బ్రిల్ నైలాన్ 66ను వేడిచేస్తూ ఎక్స్‌రేలతో పరిశీలించాడు. మామూలు వేడిలో గొలుసుల మధ్య రెండు రకాల దూరాలు కనిపించాయి. వేడి పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతూ, దాదాపు 160 డిగ్రీల దగ్గర రెండూ ఒకటైపోయాయి. అంటే గొలుసులు తేనెపట్టు గదుల్లా ఆరు మూలల అమరికలోకి వచ్చేశాయన్నమాట. నైలాన్ 66 కరిగేది 265 డిగ్రీల దగ్గర. దానికి వంద డిగ్రీల ముందే, పైకి గట్టిగా ఉంటూనే లోపల రూపం మార్చేసుకుంటుంది! శాస్త్రవేత్తలు దీన్ని 'బ్రిల్ మార్పు' అంటారు.

వేడికి ఇలా లొంగే గుణాన్ని బట్టల తయారీదారులు ఏనాడో వాడుకున్నారు. 1940 మేలో అమెరికా అంతటా అమ్మకానికొచ్చిన నైలాన్ మేజోళ్లను కాలి ఆకారపు అచ్చుకు తొడిగి ఆవిరి పట్టేవారు. చల్లారాక ఆ ఆకారం అలాగే నిలిచిపోయేది.

ఇంట్లో మాత్రం ఇదే గుణంతో జాగ్రత్తగా ఉండాలి. వేడిమీద పడ్డ మడత చల్లారితే ఓ పట్టాన పోదు. ఇస్త్రీపెట్టె మీద ఒక చుక్క గుర్తుకి వేడి తక్కువగానే ఉంటుంది. నూలు బట్టలకు వాడే మూడు చుక్కలంటే దాదాపు 200 డిగ్రీల వరకూ వెళ్తుంది. నైలాన్ 6 రకమైతే 220 దగ్గరే కరిగిపోతుంది. అంతకు ముందే మెత్తబడి పెట్టెకు అంటుకుంటుంది. అందుకే నైలాన్ చీరకు ఒక్క చుక్క చాలు!