మీకు తెలుసా? శిక్ష గ్లాసు అందించినవారికే

తాగడానికి కనీస వయసు ఎంతన్నది రాష్ట్రాలు నిర్ణయిస్తాయి: రెండు తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు, ఢిల్లీలో 25. పద్దెనిమిది నిండని పిల్లలకు మద్యం ఇవ్వడం మాత్రం దేశమంతటా నేరమే. 2015 నాటి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ దీనికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ఈ సెక్షన్ శిక్షించేది తాగిన పిల్లవాణ్ణి కాదు, ఇచ్చిన పెద్దవాణ్ణి. అదే న్యాయం కూడా. డబ్బు, సీసా, విచక్షణ ఉండేది పెద్దల దగ్గరే కదా.

ఇంట్లో, మా కళ్లముందే ఓ గుక్క తాగితే తప్పేమిటని అడిగేవారున్నారు. 2000 నాటి పాత చట్టంలో ‘బహిరంగ ప్రదేశంలో’ మద్యం ఇస్తేనే నేరం, శిక్ష మూడేళ్ల వరకే. కొత్త చట్టం ఆ మాటను తీసేసింది. మిగిలిన మినహాయింపు అర్హుడైన వైద్యుడి ఆదేశం ఒక్కటే. తండ్రికీ లేదు, పెళ్లింట్లో సరదాపడే మేనమామకూ లేదు. గుక్కకు ఏడేళ్లా అంటారేమో, అది గరిష్ఠ పరిమితి. తీవ్రతను తూచేది న్యాయస్థానం. పిల్లలతో మద్యం అమ్మించినా, మోయించినా 78వ సెక్షన్ కింద ఇదే శిక్ష. కాబట్టి సీసా తెమ్మని పిల్లవాణ్ణి పంపకండి.