నిద్రలో జారిపోయే మాట

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ల వాణ్ణి. చదివి తెలుసుకున్నది చెబుతాను.

గలగలా మాట్లాడే నాలుగైదేళ్ల పిల్లాడు ఉన్నట్టుండి పిలిస్తే పలకడు. "ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, తికమక పడుతున్నాడు" అనేస్తాం మనం. రెండు భాషలు నేర్పినంత మాత్రాన వచ్చిన మాట పోదండీ. చెవుల పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉంటుంది.

ఇలాంటి పిల్లల గురించి 1957లో సెయింట్ లూయిస్‌లో లాండౌ, క్లెఫ్నర్ అనే ఇద్దరు రాశారు. అందుకే ఈ అరుదైన జబ్బుకి లాండౌ-క్లెఫ్నర్ సిండ్రోమ్ అని పేరు. శబ్దం మెదడుకి చేరుతుంది, కానీ మెదడు దాన్ని మాటగా పోల్చుకోలేదు. అసలు గొడవ నిద్రలో. గాఢనిద్ర పట్టగానే, కణతల దగ్గర మాటను గ్రహించే భాగంలో, మూర్ఛలో కనిపించేలాంటి విద్యుత్ తరంగాలు ఎడతెరిపి లేకుండా వస్తాయి. పగలు నేర్చుకున్నది మెదడు పదిలపరచుకునే వేళ అది! కొందరికి పైకి ఫిట్స్ రానే రావు. మెలకువలో తీసిన ఈఈజీ మామూలుగానే కనబడొచ్చు. రాత్రి బ్యాచ్ జాబ్ ఆగిపోతే పగటి లాగ్ చూసి ఏం లాభం?

అందుకని నిద్రలో తీసే ఈఈజీ గురించి న్యూరాలజిస్టుని అడగండి. స్టెరాయిడ్లు, మూర్ఛ మందులతో కొందరికి మాట తిరిగొస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. వెళ్లేటప్పుడు పాత పుట్టినరోజు వీడియో పట్టుకెళ్లండి. పిల్లాడు అందులో తెలుగే మాట్లాడినా సరే, మునుపు ఎంత ధారాళంగా మాట్లాడేవాడో డాక్టరుకి తెలుస్తుంది.